కీచుమన్న డబ్బా

రాత్రి రెండింటికి మొదలైంది. "కీచ్". అంతే. తర్వాత నిమిషం సేపు నిశ్శబ్దం. హమ్మయ్య అనుకుని దుప్పటి మీదికి లాక్కోగానే మళ్లీ "కీచ్".

2022 డిసెంబరులో మా అమ్మాయి రెండో కాన్పుకి నేనూ మావారూ న్యూజెర్సీ వెళ్లినప్పటి సంగతి ఇది. "కీచురాయి దూరినట్టుంది" అన్నారు మావారు. బయట ఎముకలు కొరికే చలి. ఆ చలిలో కీచురాయి ఎక్కడిదండీ అన్నాను నేను. పక్క గదిలో ఐదు రోజుల పసిగుడ్డు. అప్పుడే నిద్రపోయిన బాలింత. ఆ చప్పుడుకి లేస్తారేమోనని నా భయం.

మావారు చెవి రిక్కించుకుని ఇల్లంతా తిరిగారు. చివరికి పడగ్గదుల ముందున్న నడవలో దొరికింది దొంగ. గోడకి అరచేతి వెడల్పున తెల్లటి డబ్బా. స్టూలు ఎక్కి దాన్ని దింపి, వెనక మూత తీస్తే రెండు పెన్సిల్ సెల్లులు. అవి ఊడదీయగానే డబ్బా నోరు మూసింది. మేమూ హాయిగా పడుకున్నాం.

మర్నాడు టీవీ రిమోట్ పని చేయలేదు. మావారికి ఉపాయం తట్టింది. రాత్రి తీసిన సెల్లులు అందులో వేశారు. టీవీ వచ్చింది. "చూశావా, వీటిలో ఇంకా ప్రాణం ఉంది" అని మురిసిపోయారు కూడా.

నా పని నాది. బాలింతకి ఒళ్లు వెచ్చగా ఉండాలి కదా. మా అమ్మ నా రెండు కాన్పులకీ మంచం కింద కుంపటి పెట్టింది. పిల్లకి నలుగు పెట్టి నీళ్లు పోశాక, సాంబ్రాణి పొగ వేసి తల ఆరబెట్టింది. నేనూ హైదరాబాదు నుంచి సాంబ్రాణి పట్టుకెళ్లాను. బొగ్గులే లేవు. అక్కడి దుకాణాల్లో మాంసం కాల్చుకోవడానికి బొగ్గుల సంచులు అమ్ముతారు. ఒకటి తెప్పించి వంటింట్లో మూలన పెట్టాను. పాత ఇనుప మూకుడు ఒకటి చూసి పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే నీళ్లు పోసి, తలుపులన్నీ బిగించి, గది వెచ్చబరుద్దామని నా ఆలోచన.

శనివారం సాయంత్రం మా అల్లుడు నడవలో ఆగిపోయాడు.

"అత్తయ్యా, ఇక్కడ ఓ డబ్బా ఉండాలి, చూశారా?"

"అదా బాబూ, రాత్రంతా కీచుమంటోందని మీ మావయ్యగారు తీసి అలమారలో పెట్టారు. సెల్లులు రిమోట్‌లో ఉన్నాయి."

అతను ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లాడు, కొత్త సెల్లుల కోసం కాబోలు. అక్కడ బొగ్గుల సంచి కనిపించింది. అదెందుకో చెప్పాను. మా అల్లుడు నెమ్మదస్తుడు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు. కుర్చీలో కూలబడి, కాసేపు నేల చూస్తూ ఉండిపోయి, తర్వాత ఒకే మాట అన్నాడు.

"అత్తయ్యా, ఆ రెండూ కలిసి జరిగుంటే సోమవారం పొద్దున ఈ ఇంట్లో ఎవరు లేచేవాళ్లు?"

ఆ డబ్బా పేరు కార్బన్ మోనాక్సైడ్ అలారం. అప్పటిదాకా నేను దాని పేరు కూడా వినలేదు. ఆ రాత్రి మా అల్లుడు చెప్పింది, తర్వాత నేను చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది ఈ వారం మీతో పంచుకుంటాను. ఎందుకంటే ఇది అమెరికా గొడవ కాదు. మన స్నానాల గదుల్లోని గొడవ.

ముక్కుకి అందని విషం

గ్యాసు గానీ, బొగ్గు గానీ, కట్టె, కిరోసిన్, పెట్రోలు, డీజిలు గానీ మండాలంటే గాలిలోని ఆక్సిజన్ కావాలి. అది సరిపడా అందితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి ఎక్కువగా వస్తాయి. తలుపులు మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది. మంట అరకొరగా మండుతుంది. అప్పుడు ఎక్కువగా పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్.

దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. వంట గ్యాసు లీకైతే గుప్పున కంపు కొడుతుంది కదా, ఆ కంపు గ్యాసుది కాదు. మనకి తెలియడానికి మెర్‌కాప్టన్ అనే పదార్థాన్ని కావాలని కలుపుతారు. గ్యాసు మండినప్పుడు ఆ కంపూ మండిపోతుంది. అందుకే మండిన గ్యాసు నుంచి వచ్చే విషాన్ని మన ముక్కు పట్టలేదు.

ఒంట్లోకి వెళ్లాక ఇది చేసే పని ఇంకా దారుణం. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే కూలీ హిమోగ్లోబిన్. ఆ కూలీకి ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ అంటే 200 రెట్లకి పైగా మక్కువ. ఇది కనబడితే చాలు, అంటుకుని వదలదు. బస్సులో సీట్లన్నీ వేరేవాళ్లు ఆక్రమించినట్టు అవుతుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకీ గుండెకీ మాత్రం ప్రాణవాయువు అందదు.

మొదట తలనొప్పి. తర్వాత తల తిరగడం, వికారం, నీరసం, కాళ్లలో సత్తువ పోవడం. ఆ తర్వాత మతి గందరగోళం, స్పృహ తప్పడం. లేచి తలుపు తీయాలన్న ఆలోచన కూడా రాదు. నిద్రలో ఉన్నవాళ్లకైతే ఈ మెట్లేవీ తెలియవు. పసిపిల్లలు మనకంటే త్వరగా ఊపిరి పీలుస్తారు కాబట్టి త్వరగా దెబ్బతింటారు. గర్భిణులకి, కడుపులోని బిడ్డకి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ముప్పు మరీ ఎక్కువ.

ఇక నా బొగ్గుల సంగతి. కుంపటి రాజేసినప్పుడు పొగ వస్తుంది. పొగ పోయి, కణకణలాడే ఎర్రటి నిప్పులయ్యాక లోపలికి తెచ్చుకుంటాం, ఇక భయం లేదని. నిజానికి భయపడాల్సింది అప్పుడే. ఎర్రటి నిప్పుల మీద అప్పుడప్పుడు నీలిరంగు మంట సన్నగా ఆడుతుంది, చూశారా? అది కార్బన్ మోనాక్సైడ్ మండుతున్న మంటే. మండకుండా మిగిలింది గదిలో కలుస్తుంది.

మరి మా అమ్మ పెట్టిన కుంపటికి మేమెవరం ఎందుకు పోలేదు? ఎందుకంటే మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి, తలుపు చెక్కల సందుల్లోంచి గాలి ధారాళంగా వచ్చేది. అదే కుంపటిని కాంక్రీటు ఇంట్లో, అల్యూమినియం కిటికీలు బిగించిన గదిలో పెడితే కథ వేరు. ఆచారం పాతదే, ఇల్లు మారింది. అంతే.

భోగి నాడు జరిగింది

ఇదంతా వింటుంటే నాకు చెమటలు పట్టాయి. బొగ్గుల గురించి కాదు. అంతకు ముందు, 2022 భోగి గుర్తొచ్చి.

హైదరాబాదులో మా ఫ్లాటులో అప్పట్లో గ్యాస్ గీజర్ స్నానాల గదిలోనే ఉండేది. భోగి కదా, తెల్లవారుజామునే అందరికీ తలంట్లు. మనవలు, మావారు, మా అబ్బాయి, నేను, ఊరి నుంచి వచ్చిన మా ఆడపడుచు, ఒకరి తర్వాత ఒకరం. చలికి తలుపు బిగించే ఉంచాం. వెంటిలేటర్‌లోంచి దోమలు వస్తున్నాయని మావారు ఎప్పుడో దానికి థర్మోకోల్ అట్ట అడ్డం పెట్టారు. అందరి తర్వాత, ఇంటికోడలు కాబట్టి, వంటింట్లో పని ముగించుకుని మా కోడలు వెళ్లింది.

పావుగంట తర్వాత దబ్బున చప్పుడు. అదృష్టం బాగుండి ఆ రోజు గడియ పెట్టుకోలేదు. తలుపు తోసి చూస్తే కింద పడి ఉంది. హాల్లోకి తీసుకొచ్చి, మొహం మీద నీళ్లు చల్లి, నిమ్మరసం తాగించాం. కాసేపటికి కళ్లు తెరిచింది. తల పగిలిపోతోందంది, వాంతి చేసుకుంది. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపు, కళ్లు తిరిగుంటాయి అని నేనే తీర్మానించాను. ఉప్పు తిప్పి దిష్టి తీశాను. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఉంది కదా, వేలికి పెట్టి చూశాం. 98 చూపించింది. ఇంకేం, బాగానే ఉంది అనుకున్నాం.

ఇక్కడే ఓ సంగతి అందరూ తెలుసుకోవాలి. వేలికి పెట్టుకునే మామూలు ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ అంటుకుందా, కార్బన్ మోనాక్సైడ్ అంటుకుందా అన్న తేడా దానికి తెలియదు. రెంటినీ ఒకే లెక్కలో వేసి, అంతా బాగుందన్నట్టు చూపిస్తుంది. అసలు సంగతి తేలాలంటే ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి కార్బాక్సీహిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి.

తిరిగొచ్చాక మా డాక్టరుకి ఆ రోజు జరిగింది వివరించాను. "ఇప్పుడు రుజువు చేయలేమమ్మా, కానీ మీరు చెప్పిన లక్షణాలన్నీ అవే. అందరి తర్వాత వెళ్లిన మనిషికే ఎక్కువ తగిలింది, చూశారా" అన్నారు. ఒక్కొక్కరం స్నానం చేసి వస్తున్నకొద్దీ ఆ గదిలో ఆక్సిజన్ తగ్గుతూ, విషం పెరుగుతూ వచ్చింది. దాన్నంతా చివర వెళ్లిన మనిషికి మిగిల్చాం. మన న్యూరాలజీ డాక్టర్లు 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరు పెట్టి మరీ దీని గురించి రాశారు. స్నానాల గదిలో పడిపోయిన కొందరిని ఫిట్స్ అనుకుని మందులు వాడిన సందర్భాలూ ఉన్నాయట.

ఇంట్లో ఉండే గ్యాస్ గీజర్ చిన్న పెట్టెలా కనిపిస్తుంది గానీ, నీళ్లు వేడెక్కించేటప్పుడు దాని మంట తక్కువేం కాదు. నిమిషానికి ఆరు లీటర్లు ఇచ్చేదైతే మన పొయ్యి పెద్ద బర్నర్లు నాలుగైదు ఒకేసారి వెలిగించినంత. నాలుగు పొయ్యిలు వెలిగించి తలుపులు బిగించుకుని వంటింట్లో కూర్చుంటామా? స్నానాల గదిలో అదే చేస్తున్నాం.

అలారం కొనేటప్పుడు

పూర్వం బ్రిటన్ బొగ్గుగనుల్లో కార్మికులు పంజరంలో కానరీ పిట్టని తీసుకుని దిగేవారు. ఈ విషం మనిషి కంటే ముందు పిట్టకి సోకుతుంది. అది సొమ్మసిల్లితే మనుషులు పరుగెత్తి బయటికి వచ్చేవారు. పిట్టల బదులు యంత్రాలు పెడతామని అక్కడి ప్రభుత్వం 1986లో ప్రకటించింది. మన గోడ మీది డబ్బా ఆ పిట్టకి వారసురాలన్నమాట.

అమెరికాలో ఇంటి మంటల ప్రమాదాలు కాకుండా, కేవలం ఈ విషం పొరపాటున సోకి ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. చాలా రాష్ట్రాల్లో ఇళ్లకి ఈ అలారం చట్టప్రకారం తప్పనిసరి. ఇంగ్లండులో 2022 అక్టోబరు 1 నుంచి గ్యాస్ బాయిలర్ లాంటివి బిగించి ఉన్న గదుల్లో ఇంటి యజమాని అద్దెకున్నవాళ్లకి దీన్ని పెట్టించి ఇవ్వాలి. మన దగ్గర ఆ అలవాటు ఇంకా రాలేదు.

నేను ఇంటికి రాగానే కొట్టుకి వెళ్లి "గ్యాస్ అలారం ఇవ్వండి" అన్నాను. ఇచ్చాడు. బిగించి, వీడియో కాల్‌లో మా అమ్మాయికి గర్వంగా చూపించాను. "అమ్మా, అది వంట గ్యాస్ లీకైతే మోగేది. ఇది వేరు, అది వేరు" అంది. మీరు ఆ పొరపాటు చేయకండి. ఎల్పీజీ లీకేజీ అలారం పనికొచ్చేదే, కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టదు. పొగ అలారం కూడా పట్టదు. డబ్బా మీద 'సీ, ఓ' అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. ఈఎన్ 50291 అనో, యూఎల్ 2034 అనో నాణ్యత ప్రమాణం అచ్చు వేసి ఉండాలి. మొదటిది యూరప్‌ది, రెండోది అమెరికాది. అంకెల్లో మోతాదు చూపించేది దొరికితే ఇంకా మంచిది. వెనకాల గడువు ఏడాది ఉందో లేదో చూసుకోండి. లోపలి సెన్సర్ శాశ్వతం కాదు. రకాన్ని బట్టి ఐదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది. గడువు తీరాక సెల్లులు మార్చినా లాభం లేదు, డబ్బానే మార్చాలి.

ఎక్కడ బిగించాలి?

వంట గ్యాసు గాలి కంటే బరువు. కాబట్టి దాని అలారం నేలకి దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ బరువు ఇంచుమించు గాలంతే. గదంతా కలిసిపోతుంది. అందుకని దీన్ని నేల మీద పెట్టనక్కర్లేదు. డబ్బాతో వచ్చే కాగితంలో చెప్పిన ఎత్తున పెట్టండి.

ముందు పడగ్గదుల బయట, లోపల నిద్రపోయేవాళ్లకి వినిపించేంత దగ్గరలో ఒకటి. డూప్లెక్స్ ఇల్లయితే ప్రతి అంతస్తులో ఒకటి. గ్యాసుతో మండేది ఏదైనా ఉన్న గదిలో పెడితే, దానికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో ఉండాలన్నది బ్రిటన్‌లో పాటించే కొలత. పడగ్గదిలో పెడితే పడుకున్నవాళ్లు ఊపిరి పీల్చే ఎత్తున పెట్టాలి.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. స్నానాల గది లోపల వద్దు, ఆవిరికి పాడవుతుంది. పొయ్యి నెత్తిన వద్దు. కిటికీ పక్కన, ఫ్యాను కింద వద్దు, గాలికి విషం పలచబడి డబ్బాకి అందదు. కర్టెన్ వెనక, అలమార లోపల అసలే వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన కూడా వద్దు. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దాన్ని చూసి ఈ డబ్బా పొరబడి మోగే అవకాశం ఉంది.

బిగించాక వారానికోసారి మీట నొక్కి చూడండి. అది సెల్లులూ కూతా సరిగ్గా ఉన్నాయని చెబుతుంది. నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. దాని మీద రంగు వేయకండి, దగ్గర్లో దోమల మందు, సెంటు, ఫినాయిల్ కొట్టకండి. సెన్సర్ దెబ్బతింటుంది.

మోగితే ఏం చేయాలి?

ముందు దాని భాష తెలియాలి. నిమిషానికోసారి ఒక్క "కీచ్" అంటే సెల్లులు అయిపోవస్తున్నాయి, లేదా డబ్బా గడువు తీరింది అని. నాలుగు కూతలు, కొంచెం విరామం, మళ్లీ నాలుగు కూతలు అంటే విషం ఉంది అని. మీరు కొన్న డబ్బా కాగితంలో రెండు కూతల వివరం ఉంటుంది. ఇంట్లో అందరికీ, పెద్దవాళ్లకీ పనిమనిషికీ కూడా, ఒకసారి వినిపించి చెప్పండి. మాకెవరూ చెప్పకపోవడం వల్లే కదా అది మావారికి కీచురాయి అయింది.

నాలుగు కూతలు మోగితే ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతూ కూర్చోవద్దు. వాసన రావట్లేదు కదా అని వాదించుకోవద్దు. దారిలో ఉన్న గీజర్, పొయ్యి కట్టేయండి. తలుపులు, కిటికీలు తీస్తూ అందరూ బయటికి వచ్చేయండి. తలకాయలు లెక్కపెట్టుకోండి. ఎవరైనా పడిపోయి ఉంటే అక్కడే ఉపచారాలు మొదలుపెట్టకుండా ముందు ఆరుబయటికి లాక్కురండి. తలనొప్పి, వికారం ఎవరికున్నా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో "మూసిన గదిలో గ్యాస్ గీజర్ వాడాం" అని మీరే నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

కిటికీలు తీశాక డబ్బా నోరు మూస్తుంది. అంటే ప్రమాదం పోయిందని కాదు, గాలి మారిందని మాత్రమే. మెకానిక్ వచ్చి గీజర్ చూసేదాకా మళ్లీ వెలిగించకండి.

డబ్బా చేయలేనిది

ఇది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. అలారం ఉంది కదా అని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉంచుకోవచ్చా? కూడదు.

ఈ డబ్బా విషం కనబడిన క్షణంలోనే మోగదు. అమెరికా ప్రమాణం ప్రకారం, పది లక్షల పాళ్ల గాలిలో 70 పాళ్ల విషం ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగాలి. 150 పాళ్లుంటే 10 నుంచి 50 నిమిషాల్లో. 400 పాళ్లుంటే 4 నుంచి 15 నిమిషాల్లో. ఒంట్లో విషం ఎంత చేరి ఉంటుందో లెక్కగట్టి పెట్టిన వ్యవధి ఇది. పైగా డబ్బా ఉండేది నడవలో, మనిషి ఉండేది తలుపు మూసిన స్నానాల గదిలో. నడవలోకి విషం వచ్చి అది మోగేలోపు లోపలి మనిషి గతేమిటి?

అందుకని ముందు చేయాల్సింది గీజర్‌ని బయటికి పంపడం. గాలి ఆడే బాల్కనీలోనో, ఆరుబయటో బిగించి, వేడినీళ్ల గొట్టం మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. అది కుదిరేదాకా, తలుపు తీసి ఉంచి బకెట్ నింపుకుని, గీజర్ కట్టేసి, గది గాలి మారాక స్నానానికి వెళ్లాలి. వెంటిలేటర్‌కి అట్టలు, కాగితాలు అడ్డం పెట్టకూడదు. దోమలకి జాలీ కొట్టించుకోండి. ఏడాదికోసారి బర్నర్ శుభ్రం చేయించండి. మంట పసుపుగా ఉన్నా, మసి కనబడినా వెంటనే ఆపేయండి. మంట నీలంగా ఉంది కదా అని మూసిన గదిలో నమ్మకండి.

మూసిన గదుల్లో కుంపటి వద్దు. అరకు, లంబసింగి వెళ్లినప్పుడు చలి మంట బయటే కాచుకోండి, నిప్పులు గదిలోకి తేకండి. కరెంటు పోయిందని జనరేటర్‌ని మెట్ల కిందో, వరండాలోనో పెట్టకండి. మూసిన షెడ్డులో కారు ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని కునుకు తీయకండి. వీటన్నిటి తర్వాతే డబ్బా. అది రెండో కాపలా. మొదటి కాపలా గాలే.

అంత మాత్రాన అది అక్కర్లేదనుకోకండి. ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి తలుపు మూస్తారు. ఎవరో ఒకరు, నాలాగా, ప్రేమ కొద్దీ కుంపటి తెస్తారు. ఆ రోజు నిద్రలేపడానికి ఇంట్లో ఒకరుండాలి.

మా గీజర్ ఇప్పుడు గాలి ధారాళంగా ఆడే యుటిలిటీ బాల్కనీలో ఉంది. డబ్బా నడవలో ఉంది. 2024 భోగి నాడు తలంట్లకి నీళ్లు కాగాయి. మా కోడలు అలవాటు ప్రకారం అందరినీ పిలుస్తోంది, వెళ్లండి, వెళ్లండి అని. "ఈసారి ముందు నువ్వు కానివ్వమ్మా" అన్నాను. అది విచిత్రంగా చూసి, నవ్వి, తువ్వాలు తీసుకుని వెళ్లింది.

భోగికి పాతవన్నీ పారేస్తాం కదా. మా ఇంట్లో ఆ రోజే ఆ డబ్బాకి కొత్త సెల్లులు వేయడం ఆనవాయితీ చేసుకున్నాం. పాత సెల్లులు భోగి మంటలో మాత్రం వేయకండి, పేలతాయి. రిమోట్‌లో వేసుకోండి. ఫరవాలేదు, వాటిలో ఇంకా ప్రాణం ఉంటుంది. డబ్బాలోవి తీసి రిమోట్‌లో వేసేముందు, కొత్తవి డబ్బాలో పడాలి. మావారికి ఇప్పటికీ ఏటా ఆ మాట చెబుతూనే ఉన్నాను.